మేత కన్నా ముందు ఊపిరి

నా చేతుల్లో పోయిన మూగజీవాల్లో ఆకలితో పోయింది ఒక్కటి కూడా లేదు. కొన్ని నేను పెట్టిన మేత వల్ల పోయాయి, ఒకటి నేను తాపిన మందు వల్ల పోయింది, మరొకటి నేను పట్టుకున్న తీరుకు ఊపిరాడక పోయింది. దేన్నీ నిర్లక్ష్యంగా చూడలేదు. కడుపు నింపితే చాలు, జీవం బాగుంటుందని గట్టిగా నమ్మాను. ఇంటర్లో బైపీసీ చదివాను. మొప్పల బొమ్మ, ఊపిరితిత్తుల బొమ్మ, నెమరువేసే జంతువు కడుపులోని నాలుగు గదుల బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. పెళ్లయి ఉప్పునుంతలకు వచ్చాక అవే మొప్పలు కుంటలో, అదే కడుపు కొట్టంలో రోజూ ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేకపోయాను. జీవాలను కొత్తగా సాకడం మొదలుపెట్టేవాళ్లు నా తప్పులు మళ్లీ చేయకూడదని ఇది రాస్తున్నాను.

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట దాపు. మా మండలం పక్కనుంచి దుందుభి వాగు సాగి డిండి ప్రాజెక్టుకు చేరుతుంది. దక్షిణంగా పోతే నల్లమల. వానను నమ్ముకున్న నేలలు, పత్తి, పల్లి, జొన్న, మక్క. పంట ఒక ఏడు ఆదుకుంటే ఒక ఏడు ముంచుతుంది కాబట్టి ఇంటింటా బర్రెనో మేకలనో నాలుగు కోళ్లనో పెట్టుకుంటారు. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలైంది. అది చూసి చాలామందికి చేపల మీద ఆశ పుట్టింది. మాకూ పుట్టింది. పొలం దగ్గరి కుంటలో బొచ్చె, రోహు, మోసు పిల్లలు తెచ్చి వదిలాం.

మేత వేసే పని నాది. పల్లి చెక్క నానబెట్టి, తవుడు కలిపి ముద్దలు చేసి వేసేదాన్ని. చేపలు ఎగబడి తింటుంటే కడుపు నిండినట్టుండేది. కుంట నీళ్లు పచ్చబడాలని పేడ కూడా వేసేవాళ్లం. ఆ పచ్చదనం నాచుజీవులది. వాటిని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ రెండింటినీ తిని చేపలు పెరుగుతాయి. ఇంతవరకూ లెక్క సరైనదే.

శ్రావణంలో ముసురు పట్టింది. రోజుల తరబడి సూర్యుడు కనిపించలేదు. వానకు బయట తిరగలేని జీవాలు ఎంత ఆకలితో ఉన్నాయోనని మేత ఇంకాస్త పెంచాను. సాయంత్రం కూడా గంపెడు వేశాను. మర్నాడు తెల్లవారకముందే మా ఆయన పొలం నుంచి ఫోను చేశాడు. పోయి చూస్తే కుంట నిండా నోళ్లు. చేపలన్నీ పైకి తేలి, నీటి అంచుకు మూతి ఆనించి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. వాటికి ఆకలి వేస్తోందనుకుని మళ్లీ పిడికెడు తవుడు చల్లాను. నా తప్పులన్నింటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ పిడికెడు తవుడే.

మా ఊళ్లో చేపలు పట్టే ముదిరాజు పెద్దాయన ఒకరు అటుగా వస్తూ చూసి పరుగెత్తుకొచ్చాడు. "ముసురు వట్టిన నాడు మేత వెడ్తరా బిడ్డా? అవి తిననీకె రాలే, గాలికొచ్చినయ్" అన్నాడు. మోటరు పెట్టించి, పైపు ఎత్తి పట్టి, కుంట నీళ్లు పైనుంచి మళ్లీ కుంటలోనే పడేట్టు చేయించాడు. నీళ్లు తుంపరలై పడుతుంటే గాలి కలుస్తుంది. కొన్ని చేపలు ఆ పడే నీళ్ల కిందికి చేరి తేరుకున్నాయి. పొద్దెక్కేసరికి మిగతావి వెల్లకిలా తేలాయి. అన్నిటికన్నా ముందు పోయినవి బొచ్చెలు, అందులోనూ పెద్దవి.

ఆ రోజు ఒక బొచ్చెను ఒళ్లో పెట్టుకుని మొప్ప మూత ఎత్తి చూశాను. లోపల ఇరువైపులా నాలుగేసి వంపులు. ఒక్కో వంపుకు వెలుపలి వైపు ఎర్రటి పలుచని రేకులు వరుసగా ఉన్నాయి. అవి ఊపిరి కోసం. లోపలి వైపు దువ్వెన పళ్లలా సన్నగా, దగ్గరదగ్గరగా పోగులు ఉన్నాయి. అవి తిండి కోసం. నోట్లోకి వచ్చిన నీళ్లు మొప్పల గుండా బయటికి పోతుంటే ఆ పోగులు నీళ్లలోని సూక్ష్మజీవులను ఆపి గొంతులోకి పంపుతాయి. ఒకే నీళ్ల నుంచి ఒకే దారిలో బొచ్చె తిండినీ తీసుకుంటుంది, ఊపిరినీ తీసుకుంటుంది. పరీక్షలో ఈ రెంటికీ వేర్వేరు పేజీల్లో జవాబులు రాశాను. చేప ఒంట్లో అవి ఒక్కచోటే ఉన్నాయి.

తర్వాత చదివి, అడిగి తెలుసుకున్న లెక్క ఇది. లీటరు గాలిలో 200 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. మన ఎండలకు వెచ్చబడిన లీటరు నీళ్లలో గాలి నుంచి కరిగేది ఐదారు మిల్లీలీటర్లే. ఆ కాస్తనూ వదలకుండా పట్టుకోవడానికే మొప్ప అంత నేర్పుగా ఉంది. రేకుల్లో నెత్తురు ఒక దిక్కుకు పారుతుంటే నీళ్లు దానికి ఎదురు దిక్కుగా పారతాయి. ఆక్సిజన్ తగ్గిన నెత్తురుకు ప్రతి అడుగులోనూ తనకన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉన్న నీళ్లు ఎదురవుతూనే ఉంటాయి. అందుకే చేప నీళ్లలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగగలదు. అదే చేపను ఒడ్డున వేస్తే, చుట్టూ అంత గాలి ఉన్నా, రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి పనిచేయవు.

ముసురులో జరిగిందేమిటంటే, ఎండ లేక నాచు ఆక్సిజన్ తయారుచేయలేదు. రాత్రంతా అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే పేడ, తినకుండా మిగిలిన నా తవుడు కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకున్నాయి. పైగా తిన్నది అరిగించుకోవడానికి చేపకు మామూలు కన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. నేను వేసిన మేత నీళ్లలోనూ, వాటి కడుపులోనూ ఊపిరిని తగ్గించింది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే ఈ జాతి చేపలకు హాయి. 3 కన్నా తగ్గితే కష్టం మొదలవుతుంది. రోజంతటిలో అది అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే.

మేత వేసిన తీరు కూడా తప్పే. మూడు రకాల నోళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. బొచ్చె కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది. రోహు పెదవులకు అంచున కుచ్చు ఉంటుంది, అది నడిమి నీళ్లలో ఆకునీ నాచునీ గీరి తింటుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున కుళ్లినది ఏరుకుంటుంది. మూడింటికీ దవడల్లో పళ్లు లేవు. గొంతులో ఉన్న పళ్లతో నూరి మింగుతాయి. మనలాంటి జీర్ణాశయం కూడా వాటికి లేదు. ఒకేసారి గంపెడు తిని దాచుకునే చోటే లేని జీవాలకు నేను గంపెడు వేశాను.

నీటి చలువ పెరిగితే ఇదే లెక్క ఎలా మారుతుందో ప్రపంచం అటు చివర కనిపిస్తుంది. సున్నా డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. అంటార్కిటికా సముద్రంలో ఉండే ఐస్ ఫిష్ అనే చేపల నెత్తుట్లో ఎర్రదనాన్నిచ్చే హిమోగ్లోబిన్ లేదు. చల్లని నీళ్లలో ఆక్సిజన్ అంత సమృద్ధిగా ఉండబట్టి అది లేకుండానే బతుకుతున్నాయి. మా పాలమూరు ఎండలో మగ్గే కుంటలోని చేపకు ఆ వెసులుబాటు లేదు. మన దగ్గర చేపలు సాకేవాళ్లు ఊపిరి గురించి అందరికన్నా ఎక్కువ ఆలోచించాలి.

ఆ ముసురులో మోటరు నీళ్ల సాయం లేకుండానే బతికి బట్టకట్టినవి కొర్రమట్టలు. వాటిని మేం వదలలేదు, వాననీళ్లతో వాటంతటవే వచ్చాయి. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. దాని తలలో మొప్పల పైన ఒక ఖాళీ అర ఉంటుంది. పైకి వచ్చి గాలి గుటక వేసి ఆ అరలో నింపుకుని, దాని గోడల్లోని నెత్తుటి నాళాల ద్వారా ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే బురదగుంటలోనూ బతుకుతుంది, తడి గడ్డిలో పాక్కుంటూ ఇంకో కుంటకూ చేరుతుంది. ఇది తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే ఇంకో తప్పు చేయించింది.

మృగశిర కార్తె నాడు చేప తినడం మా వైపు ఆచారం. పుట్టింటికి బతికున్న కొర్రమట్టలు పంపుదామని ప్లాస్టిక్ డబ్బాలో అంచు దాకా నీళ్లు నింపి, దారిలో ఒలకకుండా మూత బిగించాను. చేపకు నీళ్లు ఎంత ఎక్కువైతే అంత సుఖమనుకున్నాను. అక్కడికి చేరి మూత తీస్తే ఒక్కటీ కదల్లేదు. ఎదిగిన కొర్రమట్టకు మొప్పలు మాత్రమే సరిపోవు. మాటిమాటికీ పైకి వచ్చి గాలి తీసుకోకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. సగం నీళ్లు, సగం గాలి ఉంచి, మూతకు చిల్లులు పెడితే అవన్నీ బతికేవి. బొచ్చెకు గాలి కలిసిన నీళ్లు కావాలి. కొర్రమట్టకు నీటి మీద గాలి కావాలి. రెండూ చేపలే కదా అని ఒకే తీరున చూడడం నా అజ్ఞానం.

కొట్టంలో చేసిన తప్పు వేరే రకం. వాడకట్టులో పెళ్లయి, అన్నం చాలా మిగిలింది. పారబోస్తే పాపమని తెచ్చి మా ఈనిన బర్రెకు గంగాళం నిండా పెట్టాను. ఆవురావురుమని తిన్నది. రాత్రికి నెమరు ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుంది. పళ్లు కొరుకుతూ, మెడ చాచి, తొందర తొందరగా ఊపిరి తీస్తోంది. ఊళ్లో పశువులకు తొలి సాయం చేసే గోపాలమిత్ర వచ్చి చూసి, పశువుల డాక్టరును పిలిపించాడు. డాక్టరు తినే సోడా నీళ్లలో కలిపి తాపించి, నరానికి సెలైన్లు ఎక్కించాడు. బర్రె దక్కింది. పాలు మాత్రం ఆ ఈతకు మళ్లీ పుంజుకోలేదు.

బర్రెకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురు ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లకూ ఆ చిగురుకూ మధ్య నొక్కి తెంపుతుంది. అలా తెంపిన గడ్డి వంద లీటర్లకు మించి పట్టే మొదటి కడుపులోకి పోతుంది. అక్కడ గడ్డిని అరిగించేది బర్రె కాదు, కోటానుకోట్ల సూక్ష్మజీవులు. తీరిగ్గా నెమరు వేసినంతసేపూ లాలాజలం ఊరుతుంది. పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్ల దాకా ఊరే ఆ లాలాజలంలో సహజంగానే సోడా గుణం ఉండి కడుపులో పులుపు పెరగకుండా కాస్తుంది. అన్నం నమలాల్సిన పని లేదు, నెమరు వేయాల్సిన పని లేదు. మెత్తటి పిండిపదార్థం ఒక్కసారిగా వచ్చిపడేసరికి పులుపు పుట్టించే సూక్ష్మజీవులు పెరిగి, గడ్డిని అరిగించేవి చచ్చిపోతాయి. పులిసిన కడుపు ఒంట్లోని నీళ్లను లోపలికి లాక్కుంటుంది. ఉబ్బిన కడుపు ముందుకు నెట్టుకొచ్చి ఊపిరితిత్తులకు చోటు లేకుండా చేస్తుంది. మేపు తప్పు ఊపిరి తప్పుగా మారడం నేను రెండోసారి చూసింది అక్కడే.

ఆ కడుపులో ఎప్పుడూ గాలి పుడుతూనే ఉంటుంది. పశువు దాన్ని త్రేన్చి బయటికి పంపుకుంటుంది. కాళ్లు కట్టి పక్కకు పడేసి ఎక్కువసేపు ఉంచితే త్రేన్చలేదు, డొక్క ఉబ్బుతుంది. నాడాలు కొట్టించేటప్పుడు, గాయాలకు కట్లు కట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఒక తప్పు మాత్రం మా అత్తమ్మ నా చేత చేయనివ్వలేదు. కోసిన జొన్న మోళ్ల నుంచి వాన చినుకుకు లేత పిలకలు వచ్చాయి. పచ్చగా కనిపిస్తుంటే బర్రెను విప్పబోయాను. "నాము తగుల్తది, కట్టెయ్" అని గదిమింది. ఎండకు గిడసబారిన జొన్నలోనూ, లేత పిలకల్లోనూ కడుపులోకి పోయాక సైనైడుగా మారే పదార్థం ఉంటుంది. నెమరువేసే పశువు మొదటి కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని మరింత త్వరగా విడగొడతాయి. సైనైడు ఊపిరితిత్తులను ఆపదు. నెత్తురు ఆక్సిజన్‌ను మోసుకుపోతుంది కానీ ఒంట్లోని కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే నాము తగిలిన పశువు నెత్తురు ఎర్రగా మెరుస్తూ ఉండగానే ఊపిరాడక పడిపోతుంది. సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ విరుగుడు, కానీ నిమిషాల మీద అందాలి. మా అత్తమ్మకు సైనైడు పేరు తెలియదు. ఏ పైరు ఏ వయసులో ఏ పశువుకు పడదో తెలుసు.

గొర్రెపిల్లకు నట్టల మందు తాపినప్పుడు అత్తమ్మ ఇంట్లో లేదు. చిందిపోకూడదని మూతి పైకెత్తి, నాలుక పక్కకు లాగి పట్టుకుని, సీసా ఒక్కసారే వంచాను. అది దగ్గింది. మింగుతోందనుకున్నాను. రెండు రోజుల్లో ముక్కు కారి, ఆయాసం వచ్చి, తర్వాత పోయింది. గొంతులో గాలి దారి, తిండి దారి ఒకదాన్నొకటి దాటే చోటుంది. గుటక వేసే క్షణంలో గాలి దారి మూసుకుని తిండి వెనకకు జారుతుంది. నాలుక లాగి పట్టుకుంటే గుటక వేయలేదు. తల పైకెత్తితే మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మూతిని భూమికి సమానంగా ఉంచి, పెదవి మూల నుంచి పళ్లు లేని సందులో కొంచెం కొంచెం పోసి, మింగే దాకా ఆగాలి. దగ్గితే వెంటనే వదిలేయాలి. ఇప్పుడు నేను అలాగే తాపుతున్నాను.

ఇక కోడి. కొక్కెర రోగం టీకా వేయిస్తున్నప్పుడు ఒక పెట్ట గింజుకుంటోందని రెండు చేతులతో రొమ్ము చుట్టూ గట్టిగా అదిమి పట్టుకున్నాను. టీకా వేసే లోపే మెడ వాల్చేసింది. పక్షి ఊపిరితిత్తులు మనలా ఉబ్బి ముడుచుకోవు, మనకున్నట్టు పొట్టకూ రొమ్ముకూ మధ్య కండరపు తెర దానికి లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలి ఒంట్లోని గాలితిత్తులను నింపి ఖాళీ చేస్తేనే గాలి ఆడుతుంది. ఆ ఎముక కదలకపోతే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరి ఉండదు. పిల్లలు ముద్దుకొద్దీ కోడిపిల్లలను గుప్పిట్లో బిగిస్తే జరిగేదీ ఇదే. రెక్కలు దగ్గరికి పట్టి, రొమ్ము కింద అరచేయి ఆనించి వదులుగా పట్టుకోవాలని మా ఇంటికొచ్చే పిల్లలందరికీ చెబుతున్నాను.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకు అర్థమైంది ఇది. నేను ప్రతి జీవినీ నా ఒంటితో కొలిచాను. నాకు ఆకలి వేసినట్టే దానికీ వేస్తుందనుకోవడం దయే. నా నోరు, నా కడుపు, నా ఊపిరి ఉన్నట్టే దానికీ ఉంటాయనుకోవడం దయ కాదు. ఇప్పుడు ఏ జీవం ఇంటికి వచ్చినా ముందు మూడు సంగతులు చూస్తాను. అది ఊపిరి ఎక్కడి నుంచి, ఏది కదిలితే తీసుకుంటుంది? దాని నోరు ఏ దిక్కుకు, దేనికోసం తయారై ఉంది? నోట్లో పడ్డది ముందు ఎక్కడికి పోతుంది, అక్కడ దాన్ని ఎవరు అరిగిస్తారు? ఈ మూడింటికీ జవాబు తెలిసే దాకా గంప ఎత్తను.

చేపలకు ఎండ వచ్చాక, పొద్దెక్కాకే మేత వేస్తున్నాను. మబ్బు పడితే తగ్గిస్తాను, ముసురైతే పూర్తిగా మానేస్తాను. కొన్నాళ్లు మేత లేకున్నా చేప బతుకుతుంది, ఒక్క తెల్లవారుజాము ఊపిరి లేకపోతే బతకదు. మిగిలిన అన్నం బర్రెకు పిడికెడు మించి పెట్టను. డొక్క ఉబ్బినా, నెమరు ఆగినా ఇంటి వైద్యాలతో పొద్దు గడపకుండా 1962 నంబరుకు ఫోను చేస్తాను. ప్రభుత్వ సంచార పశువైద్యశాల నంబరది. జీవాలున్న ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన నంబరు.

మన బడుల్లో మొప్ప బొమ్మ గీయించే మాస్టార్లను నేను కోరేది ఒక్కటే. చెరువులో చేపలు పట్టే రోజున పిల్లలను గట్టుకు తీసుకుపోండి. బొచ్చె నోరు, మోసు నోరు పక్కపక్కన పెట్టి చూపించండి. మొప్ప మూత ఎత్తి, ఊపిరి రేకులు ఏవో, మేత పట్టే పోగులు ఏవో వాళ్ల వేళ్లతోనే తాకించండి. వాళ్లలో సగం మంది రేపు జీవాలు సాకేవాళ్లే. నేను ఇన్ని ప్రాణాలు పోగొట్టి నేర్చుకున్నది వాళ్లు ఆ ఒక్క పూటలో నేర్చుకుంటారు.